ఆల్ట్‌హౌస్ వారి వంశం వాకబు

గుంటూరు అబ్బాయి సంబంధం వచ్చి ఉంటే నేను సోఫాలోంచి లేచేదాన్నే కాదు. మూడు ఫోన్లు చేస్తే చాలు, పిల్లాడి తాతగారి షుగరు నుంచి మేనత్త విడాకుల దాకా సాయంత్రానికల్లా తెలిసిపోయేవి. కానీ మా శ్రావ్య చేసుకుంటానన్నది వాటర్లూలో తనతోపాటు పనిచేసే నేథన్ ఆల్ట్‌హౌస్‌ని. కెనడా అనే దేశం పుట్టకముందే పెన్సిల్వేనియా నుంచి గుర్రపు బండ్లలో వచ్చి, అడవి కొట్టి పొలాలు చేసుకున్న రైతుల వంశం. వాళ్ళ ఆనుపానులు కనుక్కోవడానికి స్కార్‌బరోలో కూర్చుని నేనెవరికి ఫోన్ చెయ్యాలి?

"అబ్బాయి మంచివాడు. చాలదా?" అన్నాడు మా ఆయన.

"చాలదు," అన్నాను.

శ్రావ్య నా కన్నా మొండిది. "ఓకే అమ్మా, శనివారం రా. వాళ్ళ నానమ్మ ఎడ్నా గారికి ఫ్యామిలీ హిస్టరీ మొత్తం తెలుసు. ఎన్ని క్వశ్చన్స్ అయినా అడుగు. తిరిగి బస్సెక్కేలోపు యెస్సో నోనో చెప్పెయ్. తర్వాత మళ్ళీ ఈ టాపిక్ ఎత్తకూడదు."

ఒప్పుకున్నాను. అప్పుడు అసలు షరతు బయటపెట్టింది. "ఇంకోటి. నువ్వూ డాడీ కజిన్స్ అని మాత్రం అక్కడ చెప్పకు, ప్లీజ్. వాళ్ళు ఫ్రీక్ అవుతారు. ఫోన్‌లో కూడా బావా అని పిలవకు. నేథన్ తెలుగు నేర్చుకుంటున్నాడు, ఆ మాట వాడికి తెలుసు."

"మరేమని పిలవను?"

"ఏవండీ అను. అందరూ అనేదేగా."

మా ఆయన మా మేనత్త కొడుకు. ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు బావ. ఇది దాచుకోవలసిన సంగతని నాకు ఇన్నేళ్ళకి నా కూతురు చెప్పింది. ఒళ్ళు మండింది. కానీ సంబంధం దానిది కాబట్టి నోరు మూసుకున్నాను.

శనివారం ఏడింటికి ఇంటి ముందు బస్సెక్కి, సబ్‌వే మారి, డౌన్‌టౌన్‌లో దూరప్రయాణాల బస్సు పట్టుకున్నాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మాట. వారాంతాల్లో సబ్‌వే కొన్ని స్టేషన్ల మధ్య నడవదు, ముందే చూసుకుని బయల్దేరండి. బస్సులో కుడివైపు కూర్చోండి, ఎండ పడదు.

నా పక్క సీట్లో గ్వెల్ఫ్‌లో చదువుకుంటున్న కరీంనగర్ అమ్మాయి కూర్చుంది. రాత్రి షిఫ్టు చేసి వస్తోందట, కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా నా ఒళ్ళోని పులిహోర డబ్బా వాసనకి లేచింది. సగం పెట్టాను. తింటూ నా ప్రయాణం సంగతంతా లాగింది.

"పిల్లగాడు మంచోడేనా ఆంటీ?"

"మంచివాడే."

"మరింకేంది? తాతల తాతల ముచ్చట మీకెందుకు? వాళ్ళేమన్న లేచొచ్చి కాపురం చేస్తరా?"

జవాబు ఆలోచించేలోపే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. గ్వెల్ఫ్‌లో నేనే లేపాను. అక్కడ నేనూ దిగి, ఒక కాఫీ తాగి, కిచెనర్ బస్సు ఎక్కాను. కిచెనర్ నుంచి వాటర్లూకి రోడ్డు మీదే నడిచే చిన్న రైలు ఉంది. దిగేసరికి పదకొండు దాటింది. శ్రావ్యా, నేథనూ కారుతో సిద్ధంగా ఉన్నారు.

"నమస్కారం అత్తగారూ," అన్నాడు నేథన్ చేతులు జోడించి.

"ఇంకా కాలేదు బాబూ," అన్నాను. శ్రావ్య నా వైపు ఉరిమి చూసింది.

ఊరు దాటితే అంతా దున్నిన పొలాలు, ఎత్తయిన గోదాములు. రోడ్డు అంచున నల్లటి గుర్రపు బగ్గీలు నడుస్తుంటే వెనక కార్లు హారన్ కొట్టకుండా ఓపిగ్గా పాకుతున్నాయి. మతనియమం ప్రకారం కార్లు ముట్టని రైతులవట అవి. వాళ్ళలోనే నేథన్ వాళ్ళ శాఖ ఎప్పుడో కార్లలోకి మారిందట. వాళ్ళ అమ్మానాన్నలు ఆ రోజు పొలంలో మొక్కజొన్న విత్తుతున్నారు. ట్రాక్టరు మీంచే చెయ్యూపారు. విత్తనాల పని వదిలి పెళ్ళివారి దగ్గర కూర్చోలేదని తప్పు పట్టడానికి నేనేమీ పట్నంలో పుట్టలేదు.

ఎడ్నాకి ఎనభై దాటాయి. సన్నగా, నిటారుగా ఉంది. కోడికూర, నూడిల్స్, ఊరబెట్టిన బీట్‌రూట్ పెట్టింది. గోడ మీద ఫొటోలో ఉన్నావిడని చూపించి, "మా అమ్మ, లీడియా," అంది. ఇంటికి మూలపురుషుడైన జేకబ్ కథ చెప్పింది. ఒక ఆవు, విత్తనాల మూటలు, చిత్తడిలో బండి దిగబడితే సామాను దించి మోసుకు రావడం. బాగా చెప్పింది. కానీ భర్త ఆమోస్ దగ్గరికి వచ్చేసరికి, "పక్క పొలంవాడు, అంతే," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. పెళ్ళి మాటల్లో ఎవరైనా ఒక తరాన్ని చప్పున దాటేశారంటే అక్కడ ఏదో ఉన్నట్టే. పిచ్చా? జైలా? మందా?

అంతలో మా ఆయన ఫోను. అందరూ చూస్తున్నారు.

"ఏవండీ, క్షేమంగా చేరాను," అన్నాను.

"ఒంట్లో బాగానే ఉందా? ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు పాపం.

భోజనాలయ్యాక జేకబ్ సమాధి చూస్తానన్నాను. "నాకు మోకాళ్ళ నొప్పి," అంది ఎడ్నా. మోకాళ్ళ నొప్పి నాకూ ఉంది. నేథన్ కారు తీశాడు. మేం బయల్దేరుతుంటే ఆవిడే గబగబా వచ్చి ముందు సీట్లో కూర్చుంది. నన్ను తను లేకుండా పంపడం ఇష్టం లేనట్టు.

శ్మశానం పొలాల మధ్యే, చుట్టూ ఇనపకంచె. గడ్డి తడిగా ఉంటుంది, పట్టుచీర కట్టుకుని వెళ్ళకండి, నా అంచు పాడైంది. వరసగా రాళ్ళు. ఒక దాని మీద "మెన్నో, ఎజ్రా కుమారుడు".

"తాతయ్య ఆమోస్ వాళ్ళ నాన్న," అన్నాడు నేథన్.

పక్కరాయి మీద "లీడియా, ఎజ్రా కుమార్తె".

పెళ్ళి పందిట్లో ఎవరెవరికి ఏమవుతారో తేల్చనిదే ముద్ద దిగని జాతి మాది. బుర్ర దానంతటదే వరస కలిపేసింది, నోరు దాని వెనకే పోయింది.

"మెన్నో, మీ అమ్మా అన్నాచెల్లెళ్ళయితే, ఆమోస్ మీ మేనమామ కొడుకేనన్నమాట!"

ఎడ్నా ముఖం తెల్లబోయింది. నేథన్ రాయినీ, నానమ్మనీ మార్చి మార్చి చూశాడు. అతనికీ తెలియదు.

"మా నాన్న రెండు పొలాల మధ్య కంచె తీసెయ్యాలనుకున్నాడు," అంది ఆవిడ నెమ్మదిగా. "పిల్లలకి మేం చెప్పలేదు. మీరు చదువుకున్నవాళ్ళు. రక్తం మంచిది కాదని సంబంధం వద్దంటారనుకున్నాను."

ఎనభై ఏళ్ళ మనిషి నా ఎదుట దోషిలా నిలబడింది. ఇక నా వల్ల కాలేదు.

"నా మొగుడు నా మేనత్త కొడుకు," అన్నాను.

"అమ్మా!" అంది శ్రావ్య.

"ఏంటే అమ్మా? మా తాతకీ రెండెకరాల బాధే. చీలిపోకూడదని ఇచ్చి చేశారు. వాళ్ళు కంచె తీశారు, మేం గట్టు తీశాం."

ఎడ్నా మామగారి రాయి పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కన్నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఆమోస్ బతికుంటే బాగుండేది," అంది. "మీతో కూర్చుని కాఫీ తాగేవాడు."

"అంటే మా ఫ్యామిలీ ట్రీలో లూప్ ఉందా?" అన్నాడు నేథన్.

"మా దాంట్లో కూడా," అంది శ్రావ్య, నేల చూస్తూ. "సారీ, చెప్పలేదు."

మేనరికాల గురించి డాక్టర్లు చెప్పేది నాకు తెలియక కాదు. శ్రావ్యని మా ఆడపడుచు కొడుక్కి అడిగితే కుదరదని ఇంటిల్లిపాదితో పోట్లాడింది నేనే. అందుకే అక్కడ నిలబడి లెక్క వేసుకున్నాను. ఆ పిల్లాడి తాతలు ఎజ్రా, జేకబ్. మా వాళ్ళు బాపట్ల వరిచేల దగ్గర. భూమి మొత్తం గాలించినా వీళ్ళిద్దరి కన్నా దూరపు చుట్టరికం దొరకదు.

"నాకిష్టమే," అన్నాను. "యెస్."

నేథన్ మళ్ళీ చేతులు జోడించాడు. "ఇప్పుడు పిలవొచ్చా, అత్తగారూ?"

"పిలువు నాయనా."

ఐదింటి బస్సుకి వాటర్లూ నుంచే సీటు దొరికింది. ఎడ్నా ఇచ్చిన బీట్‌రూట్ సీసా ఒళ్ళో పెట్టుకున్నాను. కొంచెం ఉప్పు తక్కువ, వచ్చే నెల తను మా ఇంటికి వచ్చినప్పుడు చెబుతాను. వాకబులు చెయ్యకూడదని నేనిప్పటికీ అనను. ఊరికే ఫోన్లలో కాకుండా వెళ్ళి చెయ్యండి. మన సంగతి దాచుకుని వెళితే మాత్రం దండగ.

గ్వెల్ఫ్ దాటాక ఫోన్ తీశాను. బస్సు నిండా జనం. ముందు సీట్లో ఇద్దరు తెలుగు పిల్లలు కూడా ఉన్నారు.

"బావా!" అన్నాను, అందరికీ వినపడేలా.

"హమ్మయ్య," అన్నాడు.