పొలిటికల్ సైన్స్‌కి జీతమెంతొస్తదన్న మేనేజరు

పొద్దుటి నుంచి ఒళ్ళు మండిపోతోంది. ఇక్కడ రాస్తే తప్ప చల్లారేలా లేదు.

మా అమ్మాయి సింధుకి ఊళ్ళోనే ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. సీటొచ్చింది. ఫీజు మా వల్ల కాదు కనుక ఎడ్యుకేషన్ లోను కోసం ఇద్దరం పంజాగుట్టలో ఓ బ్యాంకుకి వెళ్ళాం. మా ముందు కూర్చున్న కుర్రాడు ఇంజనీరింగ్ అనగానే మేనేజరు నవ్వుతూ సంతకం పెట్టాడు. ఆ కాలేజీ పేరు నేనెప్పుడూ వినలేదు. మా దగ్గరకొచ్చేసరికి మార్కులు కూడా చూడలేదు మహానుభావుడు.

"గీ చదువుకు జీతమెంతొస్తది మేడం? లోన్ ఎట్ల కడ్తరు? పక్కనే అమీర్‌పేట ఉన్నది, జావా నేర్పియ్యుండ్రి. మస్తు జాబులున్నయ్" అన్నాడు.

ఇరవయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో అందరూ అందరికీ చెప్పే మాటే ఇది! సింధు చెయ్యి పట్టుకుని లేచాను. తలుపు దాకా వచ్చామో లేదో, వెనక నుంచి ఆయనే సింధుని పిలిచాడు.

"అమ్మా, జర ఆగు. మావోడు సాఫ్ట్‌వేర్ జాబ్ ఇడ్సిపెట్టి గ్రూప్ వన్‌కు చదువుతుండు. రాజ్యాంగం, పాలిటీ అస్సలు సమజైతలేవట. ఆదివారాలొచ్చి జర చెప్తవా?"

సింధు తొణక్కుండా, "తప్పకుండా సార్. నెలకెంతిస్తారో చెప్పండి, లోను అప్లికేషన్‌లో నా ఆదాయం దగ్గర రాసేస్తాను" అంది.

ఆయన ఇంకా చెప్పలేదు. మీరే చెప్పండి, ఎంత రాయమంటారు?