గంప దించిన చేతులు

బందరులో మా అపార్టుమెంటు గేటుకి ఈ ఉదయం సెక్రటరీగారు బోర్డు తగిలించారు: 'ఎండుచేపలు అమ్మేవాళ్ళు లోపలికి రాకూడదు.' చప్పట్లు కొట్టినవాళ్ళలో నాతో బడికొచ్చినవాళ్ళూ ఉన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

దివిసీమలో మన ఊరి ఆదివారం సంత మరిచిపోయారా? నాంచారమ్మత్త ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చి, "ఓ చెయ్యెయ్యండమ్మా!" అని నిలబడేది. గంప దించినవాళ్ళే బోణీ చెయ్యాలి. అది సంత ఆనవాయితీ. ఓసారి కొత్త గౌనుకి వాసన అంటుతుందని నేను ముక్కు మూసుకుని అమ్మ వెనక దాక్కున్నాను. బరువుకి మెడ వణుకుతున్నా నాంచారమ్మత్త నవ్వింది.

"మరి పులుసు తినేటప్పుడు కూడా ముక్కు మూసుకుంటావా అమ్మాయ్?"

అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. సిగ్గుతో వెళ్ళి గంప పట్టుకున్నాను.

ఆ సంత ఇప్పటికీ ప్రతి ఆదివారం జరుగుతూనే ఉంది. పాడైపోయింది మన ముక్కులే!

ఇందాక నాంచారమ్మత్త కోడలు అదే ఊరి నుంచి బస్సులో వచ్చి, ఆ బోర్డు కిందే గంపతో నిలబడింది. నేనే వెళ్ళి దించాను. ఎండు నెత్తళ్ళు కొని బోణీ చేశాను. ఇప్పుడు పొయ్యి మీద వేగుతున్నాయి.

సెక్రటరీగారూ, మా కిటికీలన్నీ బార్లా తీసే ఉంచానండీ!