మాటకు గుప్పెడు

బ్యాంకు పరీక్షలకు చదువుతున్న ఆ రోజుల్లో మా ఇంట్లో బియ్యం రెండుచోట్ల ఉండేవి, డబ్బాలోనూ నా ఫోన్లోనూ. ఫోన్లో ఒక ఆట. ఇంగ్లీషు మాటకు సరైన అర్థం నొక్కితే ఆకలితో ఉన్నవాళ్ళకు కొన్ని బియ్యపు గింజలు చేరతాయి. తప్పు నొక్కితే ఒక్క గింజ కూడా రాదు. పక్కన కూర్చున్న అమ్మమ్మ నేను తప్పినప్పుడల్లా "అయ్యో, ఎవరి నోటి కాడిదో పోగొట్టావు కదే!" అని వాపోయేది. (ఆ భయంతోనే నాకు సగం ఇంగ్లీషు వచ్చింది.)

మా చర్చిలో ఆడవాళ్ళు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి పక్కన పెడతారు. నెలకోసారి ఆ బియ్యంతో దిక్కులేని ముసలివాళ్ళకు భోజనం. ఆకలిగొన్నవాళ్ళ పేరిట తీసిన బియ్యం ఏవైనా చివరకు మా చర్చికే వస్తాయని అమ్మమ్మ నమ్మకం. అందుకే స్త్రీల సమాజంలో "ఈ నెల గుప్పెళ్ళు తియ్యకండి, మా పిల్ల ఫోన్లోంచి ఇచ్చేస్తుంది" అని చెప్పేసింది. ఈ సంగతి నాకు శనివారం పొద్దున తెలిసింది. భోజనం ఆదివారం.

"అవి మనూరు రావు అమ్మమ్మా! ఎక్కడో దూరదేశాలకు వెళ్తాయి."

"ముసలాళ్ళు రేపొచ్చి కూర్చుంటారే! ఏం పెడతాం?" అంది. బకెట్టు పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను.

మొదటి ఇల్లు సమాజం పెద్దావిడది, రిటైరైన టీచరుగారు. సంగతి విని గుప్పెడు బియ్యం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "మాటలు చెప్పి బియ్యం సంపాదిస్తావటగా? రోకలిని ఇంగ్లీషులో ఏమంటారో చెప్పు." చెప్పాను. గుప్పెడు పడింది. ఆ కబురు నాకంటే ముందే వీధంతా పాకింది. కవ్వం, చేట, అట్లకాడ... పరీక్ష హాల్లో కూడా నాకంత చెమట పట్టలేదు. బెండకాయకు చెప్పిన మాటకైతే "ఆడాళ్ళ వేళ్ళేంటే, ఛీ!" అని నవ్వి రెండు గుప్పెళ్ళు వేశారు.

చివరి ఇల్లు ఒంటరి మామ్మగారిది. ఆవిడ రేపటి పంక్తిలో కూర్చోవలసిన మనిషి. నేను దాటి వెళ్ళిపోతుంటే పిలిచి గుప్పెడు తెచ్చారు. "మొహమాటాన్ని ఏమంటారమ్మా?"

ఎంత వెతుక్కున్నా దొరకలేదు. "తెలీదండి" అన్నాను. కళ్ళనీళ్ళు తిరిగాయి.

"తెలిసినప్పుడు చెబుదువుగానిలే" అని బకెట్టులో వేసేశారు.

మర్నాడు అన్నం అందరికీ సరిపోయింది. రెండోసారి వడ్డిస్తుంటే ఆ మామ్మగారు "చాలమ్మా" అని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టారు. నేను ముందుకు సాగిపోయాను. వెనకనుంచి అమ్మమ్మ కసిరింది, "చాలంటే వెళ్ళిపోతావేంటే? మళ్ళీ అడుగు!" అడిగాను. చెయ్యి మెల్లగా తొలగింది.

ఇప్పుడు కాకినాడలో బ్యాంకు ఉద్యోగం. మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ ఇంకా ఆ ఆట ఆడుతుంటాను. మామ్మగారి మాట ఇంతవరకూ తగల్లేదు. తగిలినా చెప్పడానికి ఆవిడ లేరు. పక్కసీటు అమ్మాయి చేపల పులుసు వెయ్యబోతే "చాలండి" అని చెయ్యి అడ్డం పెడతాను. పెట్టి, మళ్ళీ అడుగుతుందా లేదా అని ఓరగా చూస్తుంటాను.