మొగుని పేరు చెప్పమన్న సమను

మొన్న మా ఇంట్లో కిరాయికుంటున్న అమ్మాయికి కోర్టు నుంచి రిజిస్టరు కవరొకటి వచ్చింది. పోస్టుమాన్ అడిగిన వెంటనే ఆ పిల్ల తన పేరు, విడాకులు కోరుతున్న మొగుని పేరు గడగడ చెప్పి, సంతకం చేసి కవరు తీసుకొని లోపలికి పోయింది. వరండాలో కూర్చున్న నాకు మాత్రం చాలాసేపు మనసు కుదుటపడలేదు. నైజాం కాలంలో నల్లగొండ అదాలతులో, అంటే కోర్టులో, కాగితాలు అందించే చప్రాసీగా చేరిన కొత్తల్లో నేను ఇట్లాంటి కాగితమే ఒక ఇల్లాలికి ఇవ్వబోయి, ఇవ్వకుండానే, ఆమే వద్దన్నట్టు రాసుకొని వచ్చాను.

కట్టంగూరు దగ్గరి పల్లె అది. మొగుడు పట్నంలో మిల్లు పనికి పోయి అక్కడే ఇంకొక సంసారం పెట్టుకున్నాడు. కులపెద్దల ముందు ఇడుపు కాయితం, అంటే విడాకులు, అయిపోయిందని, కాబట్టి మూడేండ్ల బిడ్డను తనకు అప్పగించాలని దావా వేశాడు. నిజానికి పెద్దలు కూర్చున్నదీ లేదు, ఇడుపు అయిందీ లేదు. ఆ సంగతి ఆమె వచ్చి చెప్పుకోవాలంటే ముందు సమను ఆమె చేతికి అందాలి. మనిషి పేరు, ఎవరి భార్యో ఆమె నోటనే విని, వేలిముద్ర తీసుకొని ఇవ్వడం పద్ధతి. వద్దంటే ఇన్కారు అని రాసి తలుపుకు అంటించి రావచ్చు. అట్లా రాసిన తర్వాత ఆమె పేషీ నాడు విచారణకు రాకపోతే తీర్పు మొగుని దిక్కే, బిడ్డా అతని దిక్కే.

నడుముకు పటకా, దాని మీద తళతళలాడే బిళ్ల, పెండ్లయి ఏడాది నిండని వయసు, ఊరంతా నన్నే చూస్తున్నదనే గర్వం. వాకిట్లో నిలబడి మొగుని పేరు చెప్పమని గద్దించి అడిగాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకొని తల వంచుకుంది.

“గాయిన పేరు నేనెట్ల చెప్పుదునన్నా? మా తమ్ముడు చేనుకాడున్నడు, జరసేపైతే వస్తడు, గాన్ని అడుగు.”

మా అమ్మ మా బాపు పేరు ఒక్కనాడు పలకడం నేనెరుగను. పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె భయం. అంత తెలిసీ, చెప్పకపోతే ఇన్కారు రాస్తానని బెదిరించాను. పక్కింటి అరుగు మీద ఆకు నములుతున్న ముసలవ్వ ఊరుకోలేదు.

“ఏమయ్యా బిళ్ల బంట్రోతూ, నీ పెండ్లాం నిన్ను పేరు వెట్టి పిలుస్తదా ఏంది? గట్లయితే జర మా ఊరికి తోల్కరా, సూసి నేర్సుకుంటం!”

వాడంతా గొల్లుమని నవ్వింది. ఆ నవ్వు నాకు తలకెక్కింది. తమ్ముని కోసం ఆగలేదు, వాకిట్లో ఉన్న గంజిని తలుపుకు పూసి కాగితం అంటించి, ఇద్దరి చేత సాక్షి వేలిముద్రలు వేయించి, ఇన్కారు అని రాసుకొని బస్సెక్కాను. ఇంటికి అదాలతు కాగితం అంటించారంటే ఆ రోజుల్లో జప్తు అనే అనుకునేవారు. ఆమె ఆ వాడలో ఎట్లా తలెత్తుకు తిరిగిందో నాకు తెలియదు. అప్పుడు ఆలోచించనూ లేదు.

పేషీ నాడు మొగుని వకీలు లేచి, సమను వద్దన్న మనిషి ఎట్లాగూ రాదు, తీర్పు ఇప్పించమన్నాడు. అంతలో వెనుకనుంచి, నేను వచ్చిన, అన్న గొంతు వినబడింది. బిడ్డను చంకనెత్తుకొని, తలుపు నుంచి ఒలిచిన కాగితం చేత పట్టుకొని, తమ్ముని వెంట బెట్టుకొని నడిచి వచ్చింది. ఆ ఉర్దూ కాగితాన్ని పట్వారీతో చదివించుకున్నదట. ఈమె ఆమేనని నమ్మకమేమిటి, ఎవరి భార్యో చెప్పమనండి, అని వకీలు అడ్డం తిరిగాడు. తమ్ముడు నోరు తెరవబోతే, ఆమే తన నోటితో చెప్పాలన్నాడు వకీలు.

ఆమె బిడ్డను ఒక చంక నుంచి ఇంకొక చంకకు మార్చుకొని, ఎదురుగా నిలబడ్డ మొగుని మొఖం చూస్తూ, అతని పేరు ఇంటిపేరుతో సహా స్పష్టంగా పలికింది. ఆ పేరు నేనిక్కడ రాయను.

“పేరు వెడితే ఆయిష్షు తగ్గుతదంటరు దొరా. గాయినె నన్ను వద్దనవట్టె, నా బిడ్డను గుంజుకపోతననవట్టె. ఇగ నేను నోరు గట్టుకొని ఎవ్వల ఆయిష్షు కాయాలె? కాయితం నేను వద్దనలే. నా చేతికియ్యలే, తలుపుకిచ్చిండ్రు.”

గుమాస్తా ఉర్దూలో చెప్పగానే మున్సిఫు గారు నా వైపు చూశారు. ఎన్నో ధైర్యాలు చూశాను గానీ, అంతటి భయాన్ని అందరి ముందు దిగమింగి నిలబడ్డ మనిషిని మళ్లీ చూడలేదు. నేను ముందుకు వచ్చి, ఆమె వద్దనలేదు, నేనే అట్లా రాశాను, అని ఒప్పుకున్నాను. వెంటనే ఇంకొక సమను రాయించి, అక్కడే నా చేతులతో ఆమె చేతికి ఇప్పించారు. తర్వాత కులపెద్దలు వచ్చి ఇడుపు కానే లేదని చెప్పడంతో దావా కొట్టేశారు. బిడ్డ తల్లి దగ్గరే పెరిగింది. నన్ను కొన్నాళ్లు బయటి పనికి పంపలేదు, అది న్యాయమే.

ఇప్పుడు ఆడపిల్లలు మొగుళ్లను పేరు పెట్టి పిలుస్తున్నారు, కాగితాలు మనకు తెలిసిన భాషలో వస్తున్నాయి, రెండూ మేలే. కానీ సంసారం తెగే కబురు తెచ్చిన మనిషి పక్కింటికి పోయే తొందరలో ఉంటున్నాడు. ఆగి ఒక్క మాట చెప్పేవాళ్లు లేకుండా పోయారు.

బయటి పనికి మళ్లీ పంపిన మొదటి రోజునే నేను ఆ ఊరికి పోయి, పట్టపగలు వాడంతా చూస్తుండగా ఆ తలుపుకు ఎండిపోయి ఉన్న గంజిని నీళ్లు చల్లి, పీచుతో రుద్ది కడిగాను. ఆ తర్వాత నౌకరీ దిగేదాకా ఏ ఇల్లాలినీ మొగుని పేరు అడగలేదు. వాడలో పెద్దమనిషిని ఎవరినైనా పిలిచి వాళ్ల నోట చెప్పించుకొని, గడప ముందు కూర్చొని, కాగితంలో ఉన్నదంతా తెలుగులో విడమర్చి చెప్పి, పేషీ ఏనాడో ఆమె తిరిగి నాకు చెప్పిన తర్వాతనే లేచేవాణ్ని.