బయ్యారంలో సముద్రపు పోటు

జనగామలో నేనుండే వీధిలో పెత్రమాస ముందురోజు నుంచే నువ్వులు వేయించే వాసన లేస్తుంది. అందరికీ అది పండుగ వాసన. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

మా చిన్నప్పుడు బయ్యారంలో ఆ అమావాస్యతోనే బతుకమ్మ మొదలయ్యేది. వానలు వెనకబట్టి, చేన్ల గట్ల మీద గునుగు తెల్లగా, తంగేడు పచ్చగా విరగబూస్తే, కాళ్లు గీరుకుపోయేదాకా తిరిగి పూలు తెంపుకొచ్చి, అవ్వ దంచిన సత్తుపిండి దోసిట్లో పోయించుకుని, బెల్లం పళ్లకు అంటుకుంటుండగానే అచ్చనగాయలు ఆడేవాళ్లం. ఒక ఏడు, పండుగ ఇంకా రాకముందే, పూలు తెంపుతున్న అక్కకు ఫిట్స్ వచ్చాయి. ఎవరో చేతిలో ఇనుప తాళాలు పెట్టారు. తెల్లారి వరంగల్ దవాఖానకు పోదామని బాపు సంచి సర్దాడు.

ఆ సాయంత్రం మా అరుగు మీద పిల్లలకు పాఠం చెప్పే సారు ‘టైడ్’ అనే ఇంగ్లీషు మాటకు అర్థం వివరిస్తున్నాడు. అమావాస్యకూ పున్నానికీ చంద్రుడు గుంజితే సముద్రం ఎక్కువగా పోటెత్తుతుందన్నాడు. అంతవరకు నిజమే. “మన ఒంట్ల గూడ నీళ్లే గద” అని ఒక మాట కలిపాడు. మంత్రగాళ్లను గడప తొక్కనివ్వని బాపు ఆ మాటకు ఆగిపోయాడు.

“సముద్రాన్నే గుంజేటోడు పిల్లను గుంజడారా? అమాస ఎల్లనీ, అదే తగ్గుతది” అంది అవ్వ.

“సారు గూడ గట్లనే అనవట్టె” అంటూ బాపు సంచి దించాడు.

అమావాస్య పొద్దున నువ్వులు వేయిస్తూ అక్క పొయ్యిలోకి ఒరిగిపోయింది. మేం లాగేసరికే కుడిచెయ్యి కాలిపోయింది. తర్వాత దవాఖానలో ఇచ్చిన గోళీలతో ఫిట్స్ ఆగిపోయాయి. అతుక్కున్న వేళ్లు విడిపోలేదు.

పెద్దయ్యాక నిఘంటువు తిరగేశాను. ‘టైడ్’ అన్న మాటకు మొదటి అర్థం సముద్రం కాదు. కాలం, వేళ, పండుగ పూట. నీళ్లు పొంగే వేళను అట్లా పిలిచి పిలిచి, శతాబ్దాల తర్వాత ఆ పొంగుకే ఆ పేరు పెట్టారు. ఆ పొంగైనా మహాసముద్రాలకే. చెంబులో నీళ్లు చంద్రుణ్ని చూసి లేవవు, మనిషి నెత్తురూ లేవదు. మరి చెంబులో నీళ్లెందుకు లేవవన్న ఒక్క ప్రశ్న ఆ అరుగు మీద ఎవరూ అడగలేదు. మంత్రగాడిని తరిమేయడం మాకు తెలుసు. సగం సైన్సు చేతబట్టుకుని వచ్చిన మూఢనమ్మకానికి మాత్రం కుర్చీ వేశాం.

ఇదంతా చెబితే అక్క నవ్వింది. “సముద్రం మొఖమన్న సూడలేదే నేను. దాని పంచాయితీ నా మీదేందే?”

నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు ఆ అరుగు లేదు, అవ్వ లేదు. గట్లు పత్తిచేన్లలో కలిసిపోయి, గునుగు పూలు మానుకోట అంగట్లో కట్టలుగా అమ్ముతున్నారు. అక్క మాత్రం ఏటా బతుకమ్మ దగ్గరికి వస్తుంది. చప్పట్లు కొడుతూ తిరిగే వరుసలోకి పోదు. పక్కన కూర్చుని, పాట అందుకుని, ఎడమచేత్తో తొడ మీద చప్పుడు చేసుకుంటుంది.