మా పిన్ని కడిగిన ఫొటో

ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఇంటి స్నానాలగది మా పిన్ని స్వాధీనంలోకి వెళ్లిపోయేది. నా చిన్నప్పటి మాట ఇది. అప్పుడు మేం విశాఖపట్నంలో చేపల రేవుకు దగ్గర్లో ఉండేవాళ్లం. ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ములు కడగడం పిన్ని ఉద్యోగం. తన కెమెరాలోని ఫిల్ములు కూడా ఇంట్లో తనే కడుక్కునేది. కిటికీకి దుప్పటి కట్టి, తలుపు కింద సందులో పాత చీర కుక్కి, చీకట్లో చేత్తో తడుముకుంటూ ఫిల్మును వెలుతురు చొరబడని మూతడబ్బాలోకి ఎక్కించేది.

మాకు చేపలు తెచ్చే, నేను అత్తా అని పిలిచే ఒకామె ఉండేది. ఒక వానాకాలం ఆమె కొన్నాళ్లు కనిపించలేదు. మళ్లీ వచ్చినప్పుడు నెత్తి మీద గంప లేదు. వాళ్లమ్మ పోయిందట.

"మా యమ్మ బొమ్మ ఇంట్లో ఒక్కటీ నేదమ్మా. రేవుకాడ నువ్వోపాలి తీసేవు గదా, అదుందేటి?" అని పిన్నిని అడిగింది.

ఉంది. కానీ ఆ రీలు ఇంకా కెమెరాలోనే ఉంది, సగం కూడా అవలేదు. క్రిస్మస్ దాకా ఆగితే మిగతాది మనకు పనికొస్తుంది కదా అన్నాడు నాన్న. పిన్ని రీలు చివరిదాకా తిప్పేసి బయటికి తీసింది.

మా ఊరి ఉక్కకు ఫిల్ము కడిగే మందునీళ్లు వేడెక్కితే ఫిల్ము పాడైపోతుంది. అందుకని అత్త రేవుకెళ్లి చేపల ఐసు తెచ్చింది. పిన్ని ఆ ఐసు మధ్యలో మందు సీసా పెట్టి చల్లబరిచింది. డబ్బాలో మందు పోసి, మెల్లగా అటూ ఇటూ వంచుతూ కూర్చుంది. మూత తీసి చూద్దామని నేను మారాం చేశాను. వెలుతురు తగిలితే మొత్తం పోతుందని చెప్పి, నా చేతుల్ని తన ఒళ్లో పెట్టుకుంది.

ఫిల్ము ఆరాక అత్త దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. ఫిల్ములో తెలుపు నల్లగా, నలుపు తెల్లగా పడుతుంది కదా: నల్లటి జుట్టు, తెల్లటి మొహం.

"ఇది మా యమ్మ కాదమ్మా."

పిన్ని ఆమెను స్నానాలగదిలోకి తీసుకెళ్లింది, వెనకే నన్నూ రానిచ్చింది. ఎర్రబల్బు వెలుతుర్లో ఫిల్మును కాగితం మీద ఆనించి, తెల్లబల్బు ఒక్క క్షణం వెలిగించి ఆర్పి, ఆ కాగితాన్ని మందు పళ్లెంలో వదిలింది. కాసేపు అది వట్టి కాగితమే. తర్వాత ముక్కుపుడక, నుదుటి గీతలు, చెంపలు ఒక్కొక్కటే తేలాయి. అత్త పళ్లెం అంచు పట్టుకుని వంగిపోయింది. ముసలామె పెద్దగా నవ్వుతోంది. కానీ రెండు కళ్లూ మూసుకుపోయి ఉన్నాయి.

నాకు నిరాశ కలిగింది. పోయినవాళ్ల ఫొటోలకు స్టూడియోల్లో కళ్లు దిద్దడం నేను చూశాను. పిన్నికీ ఆ పని వచ్చు.

"కళ్లు మూసేసింది వదినా," అంది పిన్ని. "సన్న కుంచెతో తెరిచినట్టు దిద్దగలను. దిద్దమంటావా?"

అత్త తల ఎత్తకుండానే అంది: "ఏటి దిద్దుతావమ్మా! మా యమ్మ నవ్విందంటే కళ్లు ఇలాగే మూసుకుపొయ్యీవి. నాను పుట్టినకాణ్ణించి సూసిన మొగం ఇదే."

అప్పుడు ఏడ్చింది. పిన్ని ఆమె వీపు మీద చెయ్యి వేసి, రెండో చేత్తో ఫొటోను కడుగు నీళ్లలోకి మార్చింది.

సాయంత్రం, అడగకుండా దిద్దేస్తే ఇంకా బాగుండేది కదా అన్నాను.

"నేను ఆవిడ్ని కెమెరాలోంచి ఒక్కసారి చూశానంతే. బాగుందో లేదో నేనెలా చెప్తాను?" అంది పిన్ని, పళ్లేలు తోముకుంటూ.

తర్వాత నేను టీచర్నయ్యాను. రిటైరై ఇప్పుడు కూర్మన్నపాలెంలో ఉంటున్నాను. సాయంత్రాలు పిల్లలు వ్యాసాలు దిద్దించుకోడానికి వస్తారు. వింతగా అనిపించిన వాక్యం దగ్గర ఎర్రకలం ఆపి, "నువ్వు చెప్పాలనుకున్నది ఇదేనా?" అని అడుగుతాను. అవునంటే, ఎందుకో చెప్పమంటాను. వాళ్లు చెప్పేది విన్నాక చాలాసార్లు కలానికి మూత పెట్టేస్తాను.