ఉలిగప్ప ఆపేసిన మిషను

ఉలిగప్ప పక్క మంచం నాకు పడటం నా ఖర్మ అనుకునేవాణ్ణి. హిందూపురంలో డయాలసిస్ వార్డు మాది. కిడ్నీలు చెడిపోయిన ఇద్దరం వారానికి మూడుసార్లు పక్కపక్కన పడుకోవాలి. నేను పెనుకొండలో బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి, మాటలంటే విసుగు. ఆయనది మడకశిర దగ్గర పల్లె. చేరి నెల కాలేదు, నోరు మూతపడదు. అంతా పొలంలో బోరు గురించే.

"ఏమప్పా సాల్మనూ, నిద్రపోతాండావా?" అని లేపి మరీ చెప్పేవాడు. రాత్రిళ్లు కూడా కరెంటు కోసం పొలంలోనే కాచుకోవాలట. అది పోయిందంటే పరుగున వెళ్లి మోటరు స్టార్టరు ఆపాలట. లేకపోతే కరెంటు లోవోల్టేజీతో తిరిగొచ్చి మోటరు కాలిపోతుంది. అట్లా రెండు కాలాయి. మూడోదాన్ని బిడ్డలా సాకాడు. చివరికి బోరే ఎండిపోయింది. "మోటరు బాగుండాది, నీళ్లే లేవు" అని నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం గాలీవానా పట్టుకుంది. ఇద్దరికీ సూదులు గుచ్చి ఉన్నాయి. ఒంట్లో ఉండాల్సిన రక్తం గొట్టంలోంచి బయటికొచ్చి, మిషనంతా తిరిగి మళ్లీ ఒంట్లోకి పోతోంది. ఎన్నేళ్లయినా నాకది వింతే. ఇంతలో ఫ్యాన్లు ఆగిపోయాయి. మిషన్లు మాత్రం లోపలి బ్యాటరీతో కీకీమని మొత్తుకుంటూ రక్తాన్ని తిప్పుతూనే ఉన్నాయి. జనరేటరు వచ్చేదాకా అంతే, మాకు అలవాటే.

ఉలిగప్ప వచ్చాక కరెంటు పోవడం మాత్రం అదే మొదలు. సూదుల్లేని చెయ్యి చాచి తన మిషను స్విచ్చి టక్కున నొక్కేశాడు. మోత ఆగింది. గొట్టంలో రక్తమూ ఆగింది.

"ఏం చేశావయ్యా?" అన్నాను.

"ఆపకుంటే మోటరు కాలిపోదా? ఆస్పత్రిదప్పా, ఎన్ని దుడ్లు పెట్టి తెచ్చినారో."

నర్సు సంగీత పరుగెత్తుకొచ్చింది. కరెంటు లేనిదే ఆ మిషను మళ్లీ మొదలుకాదు. నిలబడిపోయిన రక్తం గడ్డకడుతుంది. ఆ అమ్మాయి మిషనులో రక్తాన్ని తిప్పే పంపు మూత తెరిచి, చిన్న పిడి బయటికి లాగి చేత్తో తిప్పసాగింది. "కదలొద్దు తాతా" అంది. రక్తం మెల్లగా జరిగింది. ఒక మనిషి ప్రాణం ఇంకొకరి మణికట్టు మీద నడవడం నా కళ్లతో చూశాను. లేచి సాయం చేద్దామంటే నేనూ గొట్టాలకు కట్టేసి ఉన్నాను. ప్రభువా, ఈ ముసలోణ్ణి తీసుకుపోవద్దు అని మాత్రం వేడుకున్నాను.

బయట జనరేటరు గుర్రుమని ఆగిపోయింది. సంగీత కిటికీ వైపు చూసింది, తిప్పడం ఆపలేదు. మళ్లీ గుర్రుమంది. ఈసారి నిలబడింది. ఫ్యాను కదిలింది. మిషను ఆన్ చేసి, పంపు తనంతట తాను తిరిగేదాకా ఆమె పిడి వదల్లేదు. తర్వాత గోడకు ఆనుకుని చెయ్యి పిసుక్కుంది. డీజిలు పొగ లోపలికి వస్తోంది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ తిట్టుకున్న వాసనే. ఆ రోజు గుండెనిండా పీల్చాను.

ఉలిగప్ప జనరేటరు చప్పుడు వస్తున్న కిటికీ వైపే చూస్తూ పడుకున్నాడు. నాకే భయమేసి పిలిచాను.

"ఈ జనరేటరు దినామూ ఏం పని చేస్తాదప్పా?" అన్నాడు.

"ఏ పనీ లేదు. కరెంటు పోతే నడవాలని ఊరికే ఉంటుంది."

"ఊరికేనా? మన కోసరమా?"

"మన కోసమే."

ఆయన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి.

"నా బతుకంతా కరెంటు కోసరం నేనే కాచుకోని ఉంటి సాల్మనూ" అన్నాడు. "నా కోసరం ఒకటి కాచుకోని ఉండాదని నాకు తెలీకపాయ."